వెనక వరుసలో అమ్మాయి

ఆదివారం వచ్చిందంటే దర్జీ కొట్టుకి సెలవు, ఆయన భార్య చేతిలో సూదికీ సెలవు. హాయిగా కాళ్లు చాపుకుందామంటే పళ్ల డాక్టరు వదిలితేనా! "ఒరేయ్, కొత్త సౌండ్ సిస్టమ్ బిగించాను. చెల్లెమ్మని తీసుకుని రా, రాకపోతే మన స్నేహం కట్" అన్నాడు. చిన్నప్పట్నుంచీ అంతే. కొన్న వస్తువు నలుగురికీ చూపించేదాకా ఆయనకు అన్నం సయించదు.

మొగుడూపెళ్లాలు వెళ్లేసరికి లెక్కల మాస్టారు అప్పటికే సోఫా అంచున భయంభయంగా కూర్చుని ఉన్నాడు. గదిలో మనిషెత్తు స్పీకర్లు రెండు, గోడలకు మందపాటి తెరలు. టిక్కుటిక్కుమంటోందని గోడ గడియారాన్ని కూడా వంటింట్లోకి తరిమేశాడు డాక్టరు.

"వయొలిన్ కచేరీ. హాలు నిండా జనం ఉండగా తీసిన పాత రికార్డు" అన్నాడు కాఫీలు అందిస్తూ. "కాస్త మెల్లిగా మాట్లాడండి. మన మాటలు వాళ్లకి వినబడతాయి."

"వినబడకేం, ఇంత ఖరీదు పెట్టాక!" అన్నాడు మాస్టారు.

వయొలిన్ మొదలైంది. అబ్బ, ఏం సౌండు! కమాను తీగని తాకకముందు వాయించేవాడు పీల్చిన ఊపిరి కూడా వినిపించింది. కుర్చీల కిర్రు, ఎవరిదో దగ్గు. ఇక్కడ మాస్టారు తుమ్మితే హాల్లోంచి ఎవరో "ష్!" అని కసిరారు.

"సారీ అండీ" అన్నాడు మాస్టారు.

అంతలో ఎడమ స్పీకరులోంచి, వెనక వరుసల్లో కూర్చున్న ఒక అమ్మాయి పక్కనున్న స్నేహితురాలితో గుసగుసగా అంది: "నాకు రైలు నడిపే ఉద్యోగం వచ్చిందే. ఇంట్లో చెప్పలేదు. రేపు ఆ దర్జీ అబ్బాయి వాళ్లకి మాటిచ్చేయమంటోంది అమ్మ."

ఆ గొంతు దర్జీ రోజూ వినేదే, కాకపోతే ఇంకా బొంగురు పట్టలేదు. పక్కకు తిరిగాడు. భార్య కప్పు కింద పెట్టింది.

"నేనేనండీ" అంది.

"రైలా?"

"ఊఁ."

"నువ్వా?"

"ఏం, నడపలేనా?"

దర్జీ ఆమెని ఎగాదిగా చూశాడు. ఇన్నేళ్లూ తన ఎదుట కూర్చుని చొక్కాలకి కాజాలు కుట్టిన మనిషి! పిల్లల్లేరు, ఒకరికొకరు తప్ప దిక్కులేదు, మిషను ఆగేదాకా కబుర్లే కబుర్లు. అన్ని కబుర్లలో రైలు మాట ఒక్కసారన్నా రాలేదే!

భార్య స్పీకరు వైపు వంగింది. "అమ్మాయీ, మరేం చేద్దామనుకుంటున్నావ్?"

"ఎవరండీ? ఏమో అక్కా. మాటిచ్చేసి, పెళ్లయ్యాక ఉద్యోగం సంగతి మెల్లిగా అడుగుదామా అని. ఒప్పుకుంటాడంటారా?"

భార్య భర్త మొహంలోకి చూసింది. "ఏమండీ, అడిగుంటే ఒప్పుకునేవారా?"

ఆఁ అంటే చాలు. ఆ పిల్ల మాటిచ్చేస్తుంది, ఈవిడ ఈ సోఫా మీద తన పక్కనే ఉంటుంది. కానీ అప్పటి తన సంగతి తనకు తెలియదూ? పెళ్లాం ఉద్యోగానికి పోతే పరువు పోయిందని వీధంతా వినబడేలా అరిచే రకం. ఆ తర్వాత కదూ, ఈవిడ చేతుల్లో పడి మనిషయ్యాడు!

"ఒప్పుకునేవాణ్ని కాదు" అన్నాడు.

ఆమె చెయ్యి చాపి ఆయన చెయ్యి పట్టుకుంది.

"అక్కా, ఉన్నారా?" అంది అమ్మాయి.

దర్జీ స్పీకరు వైపు వంగాడు. "అమ్మాయీ, వాడు ఒప్పుకోడు. పెళ్లయ్యాక అసలే ఒప్పుకోడు. మాటివ్వకు. వెళ్లి రైలు నడుపు."

"అదేంటండీ, నన్నో మాట అడక్కుండా..." అంది భార్య.

మాట సగంలో ఆగింది. ఆయన గుప్పిట్లో చెయ్యి లేదు. సోఫా మీద ఆ మేర గుడ్డ నలిగి కూడా లేదు. కాఫీ కప్పులు మూడే ఉన్నాయి. దర్జీ కళ్లలోంచి నీళ్లు వాటి దారిన అవి కారిపోతున్నాయి.

"చూశావా మాస్టారూ!" డాక్టరు పొంగిపోయాడు. "పెళ్లీ పెటాకులూ లేని ఈ మొండిఘటాన్ని కూడా ఏడిపించేసింది. సౌండంటే అదీ!"

హాల్లో చప్పట్లు మోగాయి. వాటి మధ్య ఆ అమ్మాయి నవ్వుతూ స్నేహితురాలితో అంటోంది: "ఆయనెవరో గానీ, చేసుకుంటే అలాంటివాణ్ని చేసుకోవాలే."

రికార్డు ఆగింది. "మళ్లీ పెట్టనా?" అన్నాడు డాక్టరు.

"వద్దురా" అన్నాడు దర్జీ. "ఈసారి ఒప్పుకుంటాడని చెప్పేస్తాను."