ఇంటామె పేరు

వాన షట్టర్ మీద పడుతోంది.

షట్టర్ మూసి ఉంది. సిద్దిపేట బజారులో షట్టర్లన్నీ మూసి ఉన్నాయి. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె. బస్సులు లేవు, బడులు లేవు. మూల మీద దీక్షా శిబిరం, దాని మీద టార్పాలిన్. టార్పాలిన్ మీద కూడా వాన.

ముందు బట్టల దుకాణం. వెనక ఇల్లు. వంటగది గడప దగ్గర భారతమ్మ చిక్కుడుకాయల నార తీస్తోంది. గోడ అవతల, దుకాణంలో, ఆమె భర్త హరికిషన్ ఎవరినో పిలుస్తున్నాడు.

"రా సుమనా, కూసో."

భారతమ్మ చేతిలో చిక్కుడుకాయ విరిగింది.

సుమన అనే మనిషి లేదు. ల్యాప్‌టాప్ తెర మీద ఒక ముఖం, అంతే. హరికిషన్‌కు అల్జీమర్స్ అని, ఇంకా మొదటి దశేనని హైదరాబాద్ డాక్టర్ చెప్పాడు. ఇంట్లోనే రోజూ మెదడుకు కసరత్తు చేయించమని ఒక ఆట ఇచ్చాడు. తెర మీద ముఖం వస్తుంది. గొంతు పేరు చెబుతుంది. కాసేపటికి ముఖం ఒక్కటే వస్తుంది, కింద కొన్ని పేర్లు. ఆయన పేరు చూపిస్తాడు. పక్కన కూర్చున్న బిడ్డ భరణి మౌస్ నొక్కుతుంది. సరైనదైతే గంట మోగుతుంది.

భరణి సర్కారు బడి పంతులమ్మ. సమ్మెలో ఉంది. సమ్మె ఉంది కాబట్టి తీరిక ఉంది.

మొదట్లో ఆయన ఆటను ఒప్పుకోలేదు.

"సుమన కాదు. గీమె చంద్లాపూర్ పెంటవ్వ. పెద్దంచు చీరలడుగుతది."

"బాపూ, గీమె గిరాకి కాదు. కంప్యూటర్ల బొమ్మ."

"బొమ్మైతే ఏంది? బతుకమ్మకు బట్టలు కొనదా?"

తరువాత ఒప్పుకున్నాడు. సుమనను సుమన అన్నాడు. తెర మీది ఇంకో ముఖం, రోహిణిని రోహిణి అన్నాడు. వేలితో చూపిస్తే చాలని భరణి చెప్పినా వినలేదు. నోరారా పిలిచాడు.

ఆయన దుకాణం నడిచిందే పిలుపు మీద. కొనవచ్చిన గిరాకి చెప్పులు విడిచేలోపు పేరు పలికేవాడు. పేరు వెంట ఊరు. ఊరి వెంట పోయినేడు కొన్న చీర. పేరు విన్న మనిషి ఇంకో దుకాణం మెట్లెక్కదు.

వేములఘాట్ చంద్రవ్వ... తొగుట అంజమ్మ...

పేర్లు గోడ దాటి వంటగదిలోకి వచ్చేవి. పెళ్ళైన నాటి నుంచి వచ్చేవి. పొయ్యి ముందు కూర్చుని భారతమ్మ విన్నది.

తన పేరు వినలేదు.

ఇంట్లో పేరు పెట్టి పిలవరు. పిలవాలంటే — ఏమే. పరాయివాళ్ళతో చెప్పాలంటే — మా ఇంటామె. అందరి ఇళ్ళలోనూ అంతే. కానీ అందరి ఇళ్ళలోనూ భర్త పొద్దంతా ఆడవాళ్ళ పేర్లు పలకడు.

ఆయనకు పేర్లు జారిపోవడం మొదలైనప్పుడు ఆమె భయపడింది. భయం కింద ఇంకొకటి ఉంది. చంద్రవ్వ పోయింది. అంజమ్మ పోయింది. ఇప్పుడు అందరూ తనలాగే.

ఇప్పుడు సుమన వచ్చింది.

ఆటలో వచ్చిన మార్కులు విని డాక్టర్ ఫోన్‌లో, మెరుగైందన్నాడు. భారతమ్మ మంచిదే అంది. చిక్కుడుకాయ కూర మాడింది.

మరునాడు ఆమె బిడ్డ దగ్గరికి వచ్చి నిలబడింది.

"నా ఫోటో కూడ పెట్టు అండ్ల."

భరణి నవ్వింది. పెట్టింది. ఇంటివాళ్ళ ఫోటోలు పెట్టుకునే వీలు ఆటలోనే ఉంది. ఫోటో కింద భారతమ్మ అని పేరు కొట్టింది. తన గొంతుతో పలికి ఎక్కించింది.

భారతమ్మ గోడ ఇవతల నిలబడింది.

"రా సుమనా." గంట.

"రోహిణీ, బాగున్నవా?" గంట.

తరువాత ఏ మాటా లేదు. వాన. గంట.

భరణి లోపలికి వచ్చింది. "సరిగ్గనే చెప్పిండు గదమ్మా."

"చెప్పలే. చూపిచ్చిండు."

"నువ్వెన్నడన్న బాపు పేరు పలికినవా?"

"నాకు మర్చిపోయే రోగం లేదు."

రోజూ అంతే. అందరికీ నోరు. ఆమెకు వేలు. సిగ్గా, మరుపా — ఎవరికీ తెలియదు. గంటకు ఆ తేడా లేదు. ఆమెకు కావలసింది గంట కాదు. పేర్లన్నీ పోయే లోపల ఒక్కసారి... ఆ గొంతులో.

సమ్మెలో వంటా వార్పు రోజు భరణి అందరితో కలిసి రోడ్డు మీద వండటానికి పోయింది. కరెంటు లేదు. వెలుతురు కోసం షట్టర్ సగం లేపి పోయింది. హరికిషన్ గద్దె మీద కూర్చుని బయటి వానను చూస్తున్నాడు.

భారతమ్మ ఇస్త్రీ చీర కట్టుకుంది. వెనక తలుపు నుంచి బయటికి వెళ్ళి, గల్లీ చుట్టి, బజారులోకి వచ్చింది. శిబిరంలో కూర్చున్న ఇస్తారి చూశాడు.

"ఎటు అక్కా, వానల?"

"చీరలు కొననీకి."

"దుకాణాలు బందు గద."

"మాది సగం తెరిచుంది."

షట్టర్ కింద వంగి లోపలికి వచ్చింది. ఒక చెప్పు విడిచింది. రెండో చెప్పు విడవలేదు ఇంకా —

"రా భారతమ్మా, కూసో. శాన రోజులకొచ్చినవ్."

ఆమె కూర్చుంది.

గోడ దాటి రాలేదు ఆ పేరు. ఎదురుగా వచ్చింది. చంద్రవ్వకు వచ్చినట్టే, అంజమ్మకు వచ్చినట్టే.

"చీరలు చూపియ్యి సేటూ," అంది. ఆయనను పిలవడానికి ఆమెకూ ఒక మాట దొరికింది.

ఆయన కట్టలు దించాడు. మడతలు విప్పాడు. గద్దె ముందు పరిచిన పరుపు మీద చీర మీద చీర పడింది.

"ఏ ఊరు నీది, భారతమ్మా? యాదికొస్తలేదు."

ఆమె చేయి చీర మీద ఆగింది.

"ఈ ఊరే."

"మంచిది. జరసేపు కూసో. చాయ్ తాగి పోదువు. మా ఇంటామె గిప్పుడే పెడ్తది."

ఆయన లోపలి తలుపు వైపు చూశాడు. గిరాకిని చూసినట్టు కాదు. ఆ చూపు దుకాణంలో కూర్చున్నవాళ్ళకే కనపడుతుంది. వంటగదిలో ఉన్న మనిషికి ఎప్పుడూ కనపడలేదు.

"ఇంటామె పేరేంది సేటూ?"

ఆయన తల దించుకున్నాడు. నవ్వాడు.

"పేరెందుకు... వస్తది."

ఆమె పెంటవ్వను చూసి కుళ్ళుకుంది. సుమనను చూసి కుళ్ళుకుంది. ఇప్పుడు ఆయన లెక్కలో లోపల ఉన్న, నిజానికి లోపల లేని ఇంటామె మీద గుండె మండింది.

లేచి తలుపు దాటితే చాయ్ వస్తుంది. పేరు పరుపు మీదే ఉండిపోతుంది.

కూర్చుంటే భారతమ్మ.

"ఏమే," అని ఆయన లోపలికి పిలిచాడు. "గిరాకి వచ్చింది. చాయ్ పెట్టు."

జవాబు ఆమె నోటి దాకా వచ్చింది.

వాన పడుతోంది. ఆయన తలుపు వైపే చూస్తున్నాడు.

"ఏమే..."