రసీదు వెనకాల ఖాళీ కాగితం

ప్రింటర్‌లోంచి రసీదు వచ్చింది. దాని వెనకాలే, ఎప్పటిలాగే, ఒక ఖాళీ కాగితం కూడా వచ్చింది. కౌంటరులోని పెద్దమనిషి రసీదును పార్సిలు తెచ్చినావిడకిచ్చి, ఖాళీ కాగితం మూలన తేదీ వేసి, ఎడంపక్కనున్న అట్ట మీద పెట్టి క్లిప్పు బిగించాడు. తరువాత కళ్లజోడు నుదుటి మీది నుంచి ముక్కు మీదికి దించుకుని, కంప్యూటరులో ఫిర్యాదుల పేజీ తెరిచి, "ఈ రోజు కూడా వచ్చింది" అని రాశాడు. అదే ఫిర్యాదు కింద, అదే మాట, రెండువేల చిల్లర సార్లు రాశాడాయన.

పార్సిల్ ఆఫీసులో అందరూ ఆయన్ని లోపాలాయన అంటారు. ఎదురుగానే అంటారు, ఆయనా పలుకుతాడు. సన్నటి మనిషి. చొక్కా జేబులో రెండు పెన్నులుంటాయి. వాటిలో ఒకటి రాయదు. ఎందుకు రాయదో తేలేదాకా పారేసేది లేదని ఆయన పట్టు. తొమ్మిదేళ్ల కిందట ఆఫీసుకు కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చినప్పుడు, లోపాలు కనిపిస్తే ఈ పేజీలో రాయండి, కొత్త సౌకర్యాలు కావాలన్నా ఇక్కడే అడగండి అని కంపెనీవాళ్లు చెప్పి వెళ్లారు. అలాంటి మాటలు మర్యాదకు చెబుతారని మిగతావాళ్లందరికీ తెలుసు. ఈయనొక్కడే నిజమనుకున్నాడు.

ఆ పేజీలో మూడు గళ్లుంటాయి. చేసిన పని, జరిగినది, జరగవలసినది. రాసి రాసి ఆ మూడూ ఆయన నాలుక మీదికి ఎక్కేశాయి. ఆ పొద్దున కూడా కాఫీ గ్లాసు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి భార్యతో, "చేసిన పని, పంచదార వేసుకున్నాను. జరిగినది, ఉప్పు. జరగవలసినది నీకే తెలుసు" అన్నాడు. ఆవిడ పొయ్యి మీది నుంచి చూపు తిప్పకుండానే, "డబ్బా మీద రాసే ఉంది. చూసుకోకపోవడం మీ పొరపాటు. ఫిర్యాదు మూసేశాను" అంది. తొమ్మిదేళ్లలో ఆవిడకూ ఆ విద్య బాగానే అబ్బింది.

ఆయన పెట్టిన ఫిర్యాదులు మూడువందలకు పైనే. చాలావాటిని కంపెనీవాళ్లు సరిచేశారు. మొట్టమొదటిది, ఈ ఖాళీ కాగితానిది మాత్రం అలాగే ఉండిపోయింది. "మా దగ్గర రావడం లేదు" అని జవాబు. నలుగురు ప్రోగ్రామర్లు మారినా ఆ జవాబు మారలేదు. రసీదు ఫోటో జతచేయమన్నారు. జతచేసే బటన్ పనిచేయలేదు. దాని మీద ఇంకో ఫిర్యాదు పెడితే, బటన్ పనిచేయడం లేదన్నదానికి రుజువుగా ఒక ఫోటో జతచేయమని జవాబొచ్చింది. ఆ రోజు ఆయన అన్నం సరిగా తినలేదు.

ఇవాళ ఆయన ఉద్యోగానికి ఆఖరి రోజు. సాయంత్రం ఐదింటికి కంప్యూటరులో ఆయన పేరు తీసేస్తారు. పేరు పోతే, ఆ పేరు మీద తెరిచి ఉన్న ఫిర్యాదులన్నీ వాటంతటవే మూతపడతాయి. అదీ అక్కడి నియమం. జీవితంలో గొప్పగా సాధించిందేమీ లేదని ఆయనకు తెలుసు, అందుకు ఏనాడూ దిగులుపడలేదు. కానీ కళ్లెదుట జరిగేదాన్ని జరుగుతోందని చెబితే తొమ్మిదేళ్లపాటు ఒక్కరూ నమ్మకపోవడం ఆయన మనసును కోసేస్తోంది.

"ఇవాళైనా కాస్త హాయిగా కూర్చోండి అన్నయ్యగారూ" అంటూ పక్క కౌంటరావిడ అట్ట మీంచి పది కాగితాలు తీసుకుంది. వాళ్ల అమ్మాయి బొమ్మలు వేస్తుంది, రోజూ కాగితాలు కావాలి. ఆవిడే కాదు, సరుకుల జాబితాలకైనా, కూడికలకైనా ఆఫీసులో అందరూ ఆ అట్ట దగ్గరికే వస్తారు. లోపాలాయన ఎవరినీ కాదనడు, ఎటొచ్చీ తేదీ వేయనిదే ఇవ్వడు. ఎంతైనా సాక్ష్యం కదా.

వీడ్కోలుకు కానుకగా ఏం కావాలని మేనేజరు అడిగితే, ప్రోగ్రామరు ఫోన్ నంబరు కావాలన్నాడు. మేనేజరు నవ్వి, నంబరు సంపాదించి పెట్టాడు. భోజనాలయ్యాక లోపాలాయన గొంతు సవరించుకుని ఫోన్ చేశాడు. అవతల ఒకమ్మాయి పలికింది. ఈయన ఎవరో చెప్పగానే గుర్తుపట్టింది. పాపం, ఉద్యోగంలో చేరిన మొదటి వారమంతా ఆ అమ్మాయి చదివింది ఈయన ఫిర్యాదులేనట.

"మా దగ్గర నిజంగానే రావడం లేదు సార్" అంది.

ఆయన చేతిలోని రసీదును పైనుంచి కిందికి చూశాడు. "మీ రసీదు మీద ఆఫీసు అడ్రసు ఏముందమ్మా?"

"పరీక్ష ఆఫీసు అని ఒక్క లైనండీ."

"మాది ఏడు లైన్లు."

పాత మేనేజరు ఎవరూ దారి తప్పకూడదని ఎన్నో అంతస్తో, ఏ దుకాణం వెనకో, మెట్లెక్కాక ఏ పక్కకు తిరగాలో మొత్తం రాయించాడు. ఆయన చదివి చెబుతుంటే ఆ అమ్మాయి ఏడు లైన్లూ ఎక్కించింది. ఫోన్లో ప్రింటరు చప్పుడు వినిపించింది.

"వచ్చింది సార్" అంది. "రసీదు కింద ఒక ఖాళీ లైనుంది. అది రెండో పేజీలోకి జారుతోంది. నా కళ్లతో చూశాను."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. కళ్లు కూడా తుడుచుకోవలసి వచ్చింది.

నాలుగింటికల్లా సరిచేశారు. రసీదు వచ్చింది, వెనకాల ఏమీ రాలేదు. ఆయన చెయ్యి అలవాటుకొద్దీ ప్రింటరు ముందు కాసేపు చాచి ఉండిపోయింది. ఇంకో రెండు రసీదులు తీసి చూసి, ఫిర్యాదు కింద "ఈ రోజు రాలేదు" అని రాశాడు.

ఆ సంతోషం పావుగంట నిలిచింది. అట్ట మీద మిగిలినవి ఒకటీ అరా పట్టుకుపోయినవాళ్లు మళ్లీ వచ్చారు. కాగితాలు ఇక రావని తెలిసి అందరి ముఖాలూ వేలాడిపోయాయి. మేనేజరు కూడా గదిలోంచి బయటికొచ్చి, చిత్తుకాగితాలు కొనాలంటే పైవాళ్లకు ఎన్ని ఉత్తరాలు రాయాలో అని నసిగాడు.

"తొమ్మిదేళ్లుగా చక్కగా పనిచేస్తున్నదాన్ని పోతూ పోతూ పాడుచేశారు" అంది పక్క కౌంటరావిడ. "ఇంటికెళ్లి మా పిల్లకి ఏం చెప్పను?"

లోపాలాయన గడియారం చూశాడు. ఐదుకు పది నిమిషాలుంది. తన కుర్చీ ఆవిడ వైపు జరిపి, "రాయమ్మా" అన్నాడు. "నా పేరు మీద వద్దు, నీ పేరు మీద రాయి."

ఇన్నేళ్లలో ఆవిడ ఆ పేజీ తెరవడం అదే మొదలు. ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ కొట్టింది. చేసిన పని, రసీదు తీశాను. జరిగినది, రసీదొక్కటే వచ్చింది. జరగవలసినది, దాంతోపాటు ఒక ఖాళీ కాగితం.

"ఇది లోపం కాదు, సౌకర్యం అడగడం. పైన లోపం అని ఉన్నచోట మార్చు" అన్నాడాయన. "కావలసినవాళ్లకు మాత్రమే అని కూడా చేర్చు. లేకపోతే నాలాంటివాడొకడు మళ్లీ మొదలుపెడతాడు."

"ఎంత అవసరం అని అడుగుతోంది. ఏం పెట్టను?"

"కాగితం లేకపోతే పిల్ల ఏడుస్తుందా?"

"ఏడుస్తుంది."

"అయితే అత్యవసరం పెట్టు."

ఐదు దాటాక ఆయన తన పేరుతో పేజీ తెరవబోయాడు. ఆ పేరుతో ఎవరూ లేరని కంప్యూటరు చెప్పింది. అది మాత్రం సరిగానే పనిచేస్తోందని ఆయన తల ఊపి, టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని, రాయని పెన్ను జేబులో ఉందో లేదో తడిమి చూసుకుని, అందరికీ వెళ్లొస్తానని చెప్పి మెట్లు దిగాడు.

పక్క కౌంటరావిడ బల్ల సర్దుతూ అట్ట వైపు చూసింది. అందరూ తీసుకోగా ఒక్క కాగితం మిగిలి ఉంది. కూతురి కోసం క్లిప్పు ఎత్తి తీయబోయి, మళ్లీ వదిలేసింది. మూలన ఆయన చేత్తో ఆ రోజు తేదీ ఉంది, మిగతాదంతా ఖాళీ.