తోపుడు కర్ర

"కట్టు కట్టుకోనంటే బూట్లివ్వను," అంది మసుయె, మొగుడి గుడ్డబూట్లను వీపు వెనక దాచుకుని.

"కట్టుంటే మోకాలు మడవలేను. ఇటివ్వు."

"స్వామివారిని వెనకనుంచి తొయ్యడానికి మీరున్నారు. మిమ్మల్ని తొయ్యడానికి ఎవరున్నారు?"

అన్నం తింటున్న అల్లుడు కునిహికో నవ్వాడు. "నా టాక్సీ ఉందిగా మామయ్యా. స్వామివారిని కూడా ఎక్కించుకుంటే మధ్యాహ్నానికల్లా క్యోటో అంతా తిప్పేస్తాను."

"నోరు మూసుకుని తిను," అంది అతని భార్య సుజుయె.

టొకుజిరో కట్టు కట్టించుకున్నాడు.

అతను చాపలు కుట్టే మనిషి. దారం బిగించడానికి అదిమి అదిమి మోచేతి చర్మం మడమలా గట్టిపడింది. రోజూ ఇంత దూరమని నడక వ్రతం పట్టిన సన్యాసి కొండమీది మఠం నుంచి ఊళ్ళోకి దిగే కాలంలో దుకాణం మూసేస్తాడు. చివర మెత్త కట్టిన పొడవాటి కర్రను ఆయన నడుముకు ఆన్చి, తోస్తూ వెనకే నడుస్తాడు. వాళ్ళ నాన్న చేసిన పనే. స్వామివారి ముఖం కన్నా వీపే అతనికి బాగా తెలుసు.

ఆ రోజూ వీధుల వెంట జనం మోకరిల్లారు. స్వామివారు జపమాలతో తలలు తాకుతూ సాగిపోయారు. కియోమిజు గుడికెక్కే ఎత్తు దగ్గర రోజూ ఒకటే తంతు: ఆ వీపు కర్రను వదిలి ముందుకు పోతుంది, టొకుజిరో రొప్పుతూ అందుకుంటాడు. ఈసారి మెత్త నడుమును ఒక్కసారీ వదల్లేదు. పైకి చేరాక అతనికి అర్థమైంది. తన మోకాలి కోసం స్వామివారు అడుగు తగ్గించారు. దారి తగ్గించుకునే వీలు ఆయనకు లేదు. ఆలస్యమైనదంతా ఆయన నిద్రలోంచి పోతుంది. ఆ నిద్రే కాస్తంత.

సాయంత్రం విడిది గుడి తలుపు మూసుకున్నాక కూడా టొకుజిరో వంచిన తల ఎత్తలేదు.

"రేపటి నుంచి కర్ర కునిహికో పడతాడు," అన్నాడు భోజనాల దగ్గర, ముల్లంగి ఊరగాయ అందుకుంటూ.

మసుయె గెలిచిన మనిషిలా కనిపించలేదు.

"నేను కూర్చుని బతికేవాణ్ణి మామయ్యా," అన్నాడు కునిహికో. ఈసారి నవ్వలేదు.

"భుజంతో తొయ్యకు, నడుంతో తోయి. ఇంకోటి. ఆయన నీకోసం నెమ్మదిస్తే, కర్ర ఇంకొకరికిచ్చి ఇంటికొచ్చెయ్యి."

మసుయె పాత మెత్త విప్పి కొత్త దూది పెట్టి కుట్టింది. కర్రను గుమ్మం దగ్గర, అల్లుడు టాక్సీ నడిపేప్పుడు వేసుకునే తెల్ల చేతితొడుగుల పక్కన నిలబెట్టింది. టొకుజిరో అరచేతులు పట్టిన చోట చెక్క నున్నగా, నల్లగా ఉంది.