ఆడపడుచు చాప

ఫిలిమోనే శవాన్ని ముందు గదిలో పడుకోబెట్టారు. వెనక గదిలో మెలెనైతే అనే అతని అక్క చిరుగులు పడ్డ మొగలి చాప ఒకటి నడుముకు చుట్టుకుంటోంది. చావింట్లో అలాంటి చాప పోయినవాడికంటే కిందివాళ్ళు కట్టుకోవాలి. పొయ్యి దగ్గర చాకిరీ వాళ్ళది. టోంగాలో తమ్ముడికంటే అక్క ఎప్పుడూ పైమెట్టే. సన్ననేత చాప కట్టుకుని శవం తలాపున కూర్చోవలసింది ఆమె.

ఆమెకు ఆ ముఖం లేదు. కిందటేడు ఒక ఆదివారం, చాలా నెలల తరవాత తమ్ముడు చర్చికి వచ్చాడు. పడవ దిగి నేరుగా వచ్చాడేమో, నడుముకు చాప లేదు. అక్కడ చాప చుట్టుకోకుండా చర్చికి రావడమంటే బట్టలేకుండా వచ్చినట్టే. బైబిలు పాఠాలు చెప్పే మెలెనైతే అతన్ని గుమ్మంలోనే ఆపింది. బైబిలు కథలో పెండ్లివస్త్రం లేకుండా విందుకొచ్చినవాణ్ణి రాజు ఏం చేశాడో గుర్తుందా అని నలుగురిలో అడిగింది.

ఫిలిమోనే తల దించుకునే జవాబిచ్చాడు.

"చీకట్లోకి గెంటించాడు కదక్కా. ఇంత ఎండలో చీకటెక్కడుందో, వెతుక్కుంటాలే."

మళ్ళీ చర్చి మెట్లెక్కలేదు. తప్పిపోయిన కొడుకు తిరిగొస్తే, తండ్రి ఏమీ అడక్కుండా మంచి వస్త్రం తొడిగించిన కథ కూడా పిల్లలకు ఆమే చెప్పేది. ఆ రోజు అది గుర్తుకు రాలేదు. ఇప్పుడు వదలడంలేదు. గోనెపట్టలాంటి ఈ చాపైనా ఒంటిని గీరితే ఆ తప్పు కొంత తీరుతుందనుకుంది.

ఫిలిమోనే భార్య లుపే లోపలికొచ్చింది. ఆమె ఒంటిమీద చంకలదాకా చిరుగు చాపే.

"ఇదేంటి వదినా, పంది కాల్చడానికొస్తారా? మీరు కాలిస్తే ఊరంతా పస్తే."

మెలెనైతే నవ్వలేదు. వాణ్ణి గెంటింది తనేనని, తలాపున కూర్చునే అర్హత తనకు లేదని చెప్పింది.

లుపే కాదనలేదు. ఆ ఆదివారం ఆయన దుంప ముక్క కూడా ముట్టలేదని చెప్పింది. తరవాత వదిన నడుము దగ్గర ముడి విప్పడం మొదలుపెట్టింది.

"ఇది కట్టుకుంటే మీ మనసు తేలికపడుతుంది. ఆయన తలాపున మాత్రం ఎవరూ ఉండరు. ఒకసారి వాకిట్లోంచి పంపేశారు. ఇప్పుడు అక్క లేనివాడిలా పంపుతారా?"

మెలెనైతే చేతులు కిందికి వాలిపోయాయి. సన్ననేత చాపను లుపేయే చుట్టింది.

మెలెనైతే వెళ్ళి తమ్ముడి తలాపున కూర్చుంది. వచ్చినవాళ్ళు ఆమె ముందు వంగి, తెచ్చిన చాపలు పెట్టి వెళ్తున్నారు. ఎవరైనా తనను ఒక్క మాట అంటే బాగుండునని ఆమె ప్రతి ముఖంలోకీ చూసింది. అందరూ తల వంచుకునే వెళ్ళారు.