మూడు సంచుల పూలు

"గీ పూలు కలిసినయంటే మా ఆయన దక్కడు రుక్మక్కా," అన్నది చంద్రవ్వ, చెత్తబండి ఇంకా కదలకముందే.

బండి తోసే రుక్మాబాయి నవ్వింది. "ఎప్పుడు జూసినా గదే మాటనా?"

బోధన్‌లో ముప్పై ఏళ్లు ఈ బండి చంద్రవ్వ భర్త తుకారాందే. నిరుడు పక్షవాతంతో అతని మూతి వంకరపోయింది. జొల్లుతో కలిసి వచ్చే తన మాట తనకే రోతై, మాట్లాడడమే మానేశాడు. అతని పని ఆమెకొచ్చింది. గుడి, దర్గా, చర్చి పెట్టిన షరతూ వచ్చింది: మా పూలు వేరే సంచిలో పట్టాలి, వేరే గుంతలో పూడ్చాలి. కలిపితే ఆ పాపం ఇంటి మనిషికి తగులుతుంది. మాట మూడు చోట్లా ఒక్కటే. ఆమెను చూసి ముక్కు మూసుకోవడమూ ఒక్కటే.

ఊరి బయట చెరుకు ట్రాక్టరుకు దారి ఇవ్వబోతే బండి ఒరిగింది. మూడు సంచులూ పిగిలాయి.

బంతి గుడిది, గులాబీ దర్గాది, లిల్లీ చర్చిది. చంద్రవ్వ కూర్చుని ఏరబోయింది. మూడు రోజుల పూలు. నల్లటి జిగురు వేళ్లకు సాగింది, పురుగులు మణికట్టు మీదికి పాకాయి. వాసన చూసి గుర్తుపడదామని ముక్కు దగ్గర పెట్టుకుంది. అన్నిటిదీ ఒకటే కంపు. పక్కకు తిరిగి కక్కింది.

"పేరు పెట్టి పిలువు, పలుకుతయేమో," అన్నది రుక్మాబాయి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని. తర్వాత తనే పార తెచ్చి అన్నీ ఒక్క గుంతలోకి నెట్టింది.

సాయంత్రం చంద్రవ్వ ఉతికిన సంచులు గోడ మీద వేసి, తుకారాం మంచం పక్కన కూలబడింది. చేతుల కంపు ఇంకా పోలేదు.

"కలిసిపోయినయయ్యా. ఏది ఎవరిదో ఎర్కపడలే. గా పాపం నీకు తగుల్తదా?"

ఆమె చాయ్ పెట్టింది. అది మరిగి పొంగింది. అప్పుడు మంచం మీంచి ముద్దముద్దగా మాట వచ్చింది.

"నేను... ఎన్నడు... ఏరిన? ముప్పై ఏండ్లు... ఒక్క గుంతలనే పోసిన."

చాయ్ గ్లాసుతో ఆమె తిరిగేసరికి అతని కళ్లు తెరిచే ఉన్నాయి, ఊపిరి లేదు.

గోడ మీది మూడు సంచుల నీళ్లు కారి, కింద ఒక్క మడుగు కట్టాయి.