దర్వాజ మీద చెయ్యి

జఫర్‌గఢ్‌లో వడ్రంగం చేసే వడ్ల పరశురాములు చేతికి ఎంత పేరుందో నోటికి అంత చెడ్డపేరుంది. ఆయన కోపమెప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. పని చేస్తుండగా పక్కన నిలబడి సలహా చెప్పినవాడు మళ్లీ ఆ గడప తొక్కేవాడు కాదు. అయినా చుట్టుపక్కల ఎవరు ఇల్లు కట్టినా గడపతో కూడిన దర్వాజ చట్రం మాత్రం ఆయనతోనే చేయించుకునేవారు. చెక్కను రందతో చిత్రిక పట్టి, గరుకు కాగితంతో రుద్ది, ఆఖరున కళ్లు మూసుకుని అరచేత్తో నిలువునా దువ్వేవాడు. ఎక్కడైనా వెంట్రుకంత తేడా ఉంటే ఆ చెయ్యి ఆగిపోయేది. చెయ్యి అయిందంటే అయినట్టే.

వాళ్ల నాయిన పెట్టిపోయిన కట్టుబాటు ఒకటుంది. దర్వాజ మీద మొదటి చెయ్యి వడ్లాయనది, తర్వాతి చెయ్యి గడపకు పసుపు రాసే ఇంటి ఇల్లాలిది. నడుమ ఇంకొకరి చెయ్యి పడకూడదు. కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆయన భార్య భూదేవి చెక్క పొట్టు ఊడ్చింది, కట్టె మోసింది, కాగితాలు చింపి అందించింది. తయారైన దర్వాజను మాత్రం ఒక్కసారీ తడిమి చూడలేదు.

అంతటి చేతికి కిందటి వానాకాలం నుంచి ఏదో అయింది. మొదట వేళ్ల చివర్లు తిమ్మిరెక్కాయి. తర్వాత ఆ తిమ్మిరీ పోయింది. ఇప్పుడు చెక్క మీద చెయ్యి పెడితే చెక్క ఉందని తెలుస్తుంది, అది నున్నగా ఉందో గరుకుగా ఉందో తెలియదు. ఈ సంగతి పరశురాములు ఎవరికీ చెప్పలేదు. పెళ్లానికి అసలే చెప్పలేదు. చెబితే చెయ్యి పడిపోయిన వడ్లాయన అని పూట తిరిగేసరికి ఊరంతా పాకుతుంది. ఆ తర్వాత తనను పిలిచేదెవరు? పిలవకపోతే తానెవరు? అది తలుచుకుంటేనే ఆయనకు ముద్ద దిగేది కాదు. కళ్లు మూసుకుని దువ్వడం మాత్రం మానలేదు. చూసేవాళ్ల కోసం దువ్వేవాడు, పాపం.

ఇంతలో తరిగొప్పుల దగ్గరి తండా నుంచి టీక్యా వచ్చి, కొత్త ఇంటికి దర్వాజ కావాలన్నాడు. అప్పుడే పరశురాములుకు మిషను ఆలోచన పుట్టింది. రుద్దే పని మిషను చేస్తే ఇక చేతితో పనేముంది? పనేమో తండాలో, ఇంకా గోడలే లేవని ఇంటి దగ్గర. అక్కడ కరెంటు ఎక్కడిది? అందుకని బ్యాటరీ మీద నడిచేదే కావాలనుకుని, భూదేవిని వెంటేసుకుని జనగామ బస్సెక్కాడు.

అక్కడ పనిముట్ల దుకాణం నడిపే కృపాకర్ ఓపికస్తుడు. మూడు మిషన్లు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"గిది బెల్టు తిరిగే పట్టా మిషన్. పాత తలుపులకు రంగు లేపనీకె మంచిగుంటది. కొత్త దర్వాజ మీద పెడితే గుంత తీస్తది. గీ చదరపుది మూలలకు పోతది గని జర నిదానం. నీ పనికి గీ గుండ్రంది తీస్కో అన్నా."

భూదేవి దాన్ని ఎత్తి చూసింది. "బ్యాటరీతోని బరువే ఉన్నది. భుజం గుంజదా?"

"దర్వాజను పండవెట్టి రుద్దుకుంటే గుంజదక్కా. బరువు కట్టె మీదనే పడ్తది. పైకెల్లి మాత్రం ఒత్తొద్దు, ఒత్తితే సుట్లు సుట్లు గీతలు పడ్తయి. ముందుగాల గరుకు కాగితం, దాని మీద సన్నది, ఆఖరుకు ఇంకా సన్నది. నడుమల ఒక్కటి ఇడిస్తే మళ్ల మొదటికే. రెండు బ్యాటరీలు ఇంటికాన్నే చార్జింగ్ వెట్టుకొని పోర్రి."

పరశురాములు అంతా విని, తనకు కావలసింది అడిగాడు. "గదంత మంచిదే గని, నున్నగైందని గీ మిషన్ ఎట్ల చెప్తది?"

కృపాకర్ నవ్వేశాడు. "మిషనెందుకు చెప్తదన్నా! గది చెయ్యే చెప్పాలె. నీ చెయ్యి సంగతి మాకు తెల్వదా?"

పరశురాములు ముఖం మాడిపోయింది. వద్దని లేచి వచ్చేయాలనిపించింది. కానీ వద్దంటే ఎందుకు వద్దని భూదేవి అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్నకు భయపడి మిషను కట్టించుకున్నాడు.

దర్వాజ నిలబెట్టే ముహూర్తానికి ముందురోజు పొద్దున్నే భార్యాభర్తలు తండాకు చేరారు. అప్పటికే కోసి బిగించిన దర్వాజను ఇటుకల మీద పడుకోబెట్టి, పరశురాములు మిషను ఆన్ చేశాడు. అది గుయ్యిమని కదిలింది. ఆ అదురు అరచేతిలోంచి మోచేతి దాకా పాకింది. ఆయన ఉలిక్కిపడ్డాడు. ఏడాదిగా మొద్దుబారిన చెయ్యి జివ్వుమంటోంది! చెయ్యి బతికిందనుకున్నాడు. సంతోషం పట్టలేక, ఎన్నడూ లేనిది భూదేవిని చూసి నవ్వాడు కూడా. ఆమె ఏమైంది ఈయనకని వింతగా చూసింది.

మిషను ఆపితే కాసేపటికి ఆ జివ్వుమనడం పోయింది. మళ్లీ ఆన్ చేశాడు, మళ్లీ వచ్చింది. ఒత్తితే ఇంకా ఎక్కువ తెలిసింది. ఇక కాగితం మార్చడం లేదు, కృపాకర్ మాట లేదు. ఆ కాస్త స్పర్శ కోసం ఆయన రుద్దిన చోటే రుద్దాడు, ఒత్తిన చోటే ఒత్తాడు. చెక్క ఏమవుతుందో ఆయన చూడనే లేదు. మొదటి బ్యాటరీ అయిపోయాకే మిషను కింద పెట్టాడు.

దుమ్ము తుడిచి నూనె గుడ్డ పెట్టేసరికి దర్వాజ అసలు రంగు బయటపడింది. సకినాలు పోసినట్టు నిలువునా సుట్లే సుట్లు.

"గా కృపాకర్‌గాడు ముంచిండు నన్ను!" అని పరశురాములు అరిచాడు. "గిది మిషనా? తెల్లారితే ముహూర్తం, మంది మొఖం ఎట్ల జూడాలె?" అంటూ దర్వాజ మీద అరచేత్తో చరిచాడు.

చరిచిన చోట ఎర్రగా అంటింది. భూదేవి ఆయన చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. బొటనవేలి కింద చెక్క పేడు ఒకటి లోపలికంటా దిగి ఉంది. అది ఇప్పటిది కాదు, చరుపుకు మళ్లీ చిమ్మినా చుట్టూ పాత రక్తం ఎండి ఉంది.

"గింత పేడు దిగితే నొస్తలేదా?"

ఆమె కొంగుకున్న పిన్నీసుతో పేడును లాగింది. ఆయన వేలు కూడా కదల్లేదు. ఎవరి చేతినో చూస్తున్నట్టు చూస్తున్నాడు. భూదేవికి అర్థమైంది.

"ఎప్పటిసంది?"

"పోయిన వానకాలం సంది."

"నాకెందుకు చెప్పలే?"

"ఏమని చెప్పాలె? ఇంక నేను వడ్లోన్ని కాదని చెప్పాలెనా?" అంత కోపిష్టి మనిషి, పొట్టులో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆమెకూ కళ్లనీళ్లు తిరిగాయి గానీ, కోపమే ముందు వచ్చింది. "కాలే చాయ్ గిలాసను గట్లనే పట్టుకుంటుంటే మొండితనం అనుకున్న. షుగరో ఏందో సూపిచ్చుకోవాలె. రేపు ముహూర్తం కాంగనే దవాఖానకు పోతున్నం, రానంటే నీ సంగతి చెప్త. ఇగ లే. ఇంకో బ్యాటరీ ఉన్నది గద?"

లేచాడు. కాగితం మార్చి, ఈసారి ఒత్తకుండా, చెక్క నార వెంబడి మెల్లగా మిషను నడిపాడు. సుట్లు పలచబడ్డాయి. పోయాయా లేదా? కన్ను కొంతవరకే చెబుతుంది. ఆయన భూదేవి చెయ్యి పట్టుకుని దర్వాజ మీద పెట్టాడు.

"నేనెట్ల ముట్టాలె? మీ నాయిన..."

"నాయినకు నేను చెప్పుకుంట. కండ్లు మూస్కో. ఒత్తకు, నీళ్ల మీద పెట్టినట్టు పెట్టు."

ఆమె చెయ్యి మెల్లగా జరిగి ఒకచోట ఆగింది. "గీడేందో తగుల్తున్నది."

"గీత లెక్కనా, గుంత లెక్కనా?"

"గీత లెక్క."

"అయితే నడిమి కాగితమే ఇంకోపాలి." ఆయన గొంతులో పాత గట్టిదనం కొంచెం వచ్చింది. మిషను అందని మూలల్లో ఆమె కాగితం ముక్కతో రుద్దింది. ఆ పూటంతా ఆమె చెప్పడం, ఆయన నడపడం. నడుమ రెండుసార్లు కొట్లాడుకున్నారు కూడా. పొద్దుగూకే వేళకు భూదేవి చెయ్యి పై నుంచి కింది దాకా ఎక్కడా ఆగకుండా వచ్చింది.

తెల్లారి ముహూర్తానికి దర్వాజ లేచింది. టీక్యా భార్య బుజ్జి గడపకు పసుపు రాసింది. తండా పెద్ద లచ్చిరాం దర్వాజ నిలువు కమ్మీని తడిమి చూసి, "పరశురాములు చెయ్యంటే గిది!" అన్నాడు. టీక్యా వడ్లాయనకు పెట్టే కొత్త బట్టలు పట్టుకుని ముందుకు వచ్చాడు.

పరశురాములు ఊరుకుంటే సరిపోయేది. అడిగేవాళ్లు లేరు, చెప్పేవాళ్లు లేరు. ఆయన పక్కకు చూశాడు. భూదేవి ఎప్పటిలాగే నలుగురి వెనకాల నిలబడి, ఊడ్చిన పొట్టు సంచిలోకి ఎత్తుతోంది.

"నా చెయ్యి గాదు లచ్చిరామన్నా" అన్నాడు. "ఏడాదాయె, నా చేతులకు ఏం తెలుస్తలేదు. మిషన్ నడిపింది నేను. చేత్తోని చూసింది మా భూదేవి."

లచ్చిరాం మరోసారి కమ్మీని కింది దాకా తడిమాడు. తర్వాత పరశురాములును దాటి భూదేవి దగ్గరికి నడిచాడు.

"బిడ్డా, మా మనుమనికి ఇల్లు మొదలువెడుతున్నం. దర్వాజ చెయ్యాలె. ఎప్పుడొస్తరు?"

భూదేవి పొట్టు సంచి పట్టుకుని బిత్తరపోయి మొగుడి వైపు చూసింది.

"నన్నేంది చూస్తవు?" అని కసిరాడు పరశురాములు, కళ్లు తుడుచుకుంటూ. "పెద్దమనిషి అడిగింది నిన్ను. చెప్పు."