గొర్రెకో చరణం

కొండ మీద కాపరి హత్య పాట మూడొందల చరణాలూ తనకు కంఠతా వచ్చని సొరకాయ అందరితో చెప్పుకున్నాడు. నూరు చరణాలు తల్లి కడుపులో ఉండగానే విని పట్టేశాడట, మిగతా రెండొందలూ తాత నేర్పాడట. నిజానికి అతనికి వచ్చినవి పదకొండు. కోతలు చూసే జనం అతనికి ఆ పేరు పెట్టారు.

ఆ కొండల్లో ఉన్ని కత్తిరించేటప్పుడు పాట ఆగకూడదు. గొర్రెకో చరణం. మధ్యలో ఆపినవాణ్ణి మళ్లీ ఏ కొట్టానికీ పాటకు పిలవరు. ఆ రోజు కొట్టంలో మూడొందల గొర్రెలున్నాయి.

పన్నెండో గొర్రె నుంచి సొరకాయ సొంతంగా కట్టడం మొదలుపెట్టాడు. కాపరిని ఒకసారి తోడేలు చేత కరిపించాడు, రెండుసార్లు లోయలోకి తోయించాడు, ముప్పై చరణాల పాటు నీళ్లు అడిగించాడు. జనం కళ్లు తుడుచుకుంటూ కత్తిరించారు. రెండు గొర్రెలు కూడా ఏడ్చాయి. నూట నలభయ్యో గొర్రె దగ్గర ఇక చెప్పడానికేమీ మిగల్లేదు, చంపినవాడి పేరు తప్ప. అసలు పాటలో ఆ పేరు లేదు. చంపిందెవరో ఎవరికీ తెలియదు. ఎదురుగా కమ్మరి కూర్చుని కత్తెరలకు పదును పెడుతున్నాడు.

"కమ్మరి తాత కొట్టిన దెబ్బకు కాపరి కూలెనురో" అని సొరకాయ ఎత్తుకున్నాడు.

చచ్చిన కాపరి మనవడు సొరకాయకు స్వయానా బావ. చేతిలో గొర్రెను వదిలేసి లేచాడు.

"మీ తాతేనా?" అన్నాడు కమ్మరితో.

"పాడింది వాడు. నన్నడుగుతావేంటి?"

బావ కత్తెర కమ్మరి భుజంలో దిగింది. కమ్మరి సుత్తి బావ మూతిని వెతుక్కుంది. మూడు పళ్లు ఉన్నిలో పడ్డాయి. కొట్టంలో సగం మంది అటు చేరారు, సగం మంది ఇటు చేరారు. ఒకడి చెవి ఇంకొకడి నోట్లోకి మారింది. సగం గొరిగిన గొర్రెలు ఏ పక్షమూ చూడకుండా అందరినీ తొక్కాయి. చివరికి బావ కమ్మరిని వెల్లకిలా పడేసి, గుండెల మీదెక్కి, కత్తెర గొంతుకు ఆనించాడు. మెడ మీద సన్నగా నెత్తురు గీత లేచింది.

ఉన్ని మూట మీంచి కదలకుండానే సొరకాయ నానమ్మ మనవణ్ణి అడిగింది.

"మీ తాత పదకొండే పాడేవాడు. అయిపోతే మళ్లీ మొదటికొచ్చేవాడు. ఈ చరణం నీకెవడు చెప్పాడ్రా?"

"తాతే కల్లోకొచ్చి చెప్పాడు నానమ్మా."

"నలభై ఏళ్లు నా పక్కనే పడుకున్నాడు. నాకెప్పుడూ చెప్పలేదే."

బావ తల తిప్పలేదు. నోట్లో నెత్తురుతోనే అడిగాడు. "చెప్పు బామ్మర్దీ. కొయ్యనా, వద్దా?"

కింద పడున్న కమ్మరి కళ్లు సొరకాయనే చూస్తున్నాయి.

"వద్దు బావా. చంపిందెవడో నాకు తెలీదు. గొర్రెలెక్కువయ్యాయి, చరణాలు తక్కువయ్యాయి. ఎదురుగా ఇతను కూర్చునున్నాడు, అంతే. పన్నెండో గొర్రె దగ్గర్నుంచి మొత్తం నేనే కట్టాను."